అందుబాటులో లేనివారు

పత్రిక వచ్చింది.
విశాఖ నుంచి డాక్టరుగారు పోస్టులో పంపారు,
పదకొండు పేజీలు, మెరిసే కాగితం.
చివర్న కృతజ్ఞతలు చెప్పే చోట
చీమతలంత అక్షరాల్లో నా పేరు:
వి. దమయంతి, నమూనాల సేకరణ.
మాది బెందాళం వారిల్లు. ‘బి’ కాస్తా ‘వి’ అయింది.
పర్లేదు.

ఐదేళ్లు, కవిటి నుంచి కంచిలి దాకా,
మోపెడ్ వెనక ఐసు పెట్టె కట్టుకుని తిరిగాను.
తెల్లారగట్లే వెళ్లాలి,
ఎండ ముదిరితే రక్తం పాడవుతుంది.
కొబ్బరితోటల్లో అంతా ఇసుక దారి.
చక్రం కూరుకుపోతే ఎవరో ఒకరు వచ్చి నెట్టేవారు,
నెట్టిన పాపానికి
వాళ్ల దగ్గరా ఒక గొట్టం తీసుకునేదాన్ని.

బోరు నీళ్లు ఒక సీసా, నూతి నీళ్లు ఒక సీసా,
గుప్పెడు బియ్యం, ఎండుచేప ముక్క,
జీడితోటకి కొట్టే మందు డబ్బా ఫొటో.
ఎండలో ఎన్ని గంటలు?
ఒళ్లునొప్పులకి ఏ మాత్ర?
మొత్తం నలభై రెండు ప్రశ్నలు.
నలభై మూడోది ఏ ఫారంలోనూ లేదు,
అది వాళ్లు నన్నడిగేది:
“ఏటి తేలినాది తల్లీ?”

ఇంకా చూస్తన్నారు తాతా, అనేదాన్ని.

దున్న కూర్మయ్య నవ్వేవాడు.
“నా నూతి నీళ్లు ఐదరాబాదు ఎల్నాయి, డిల్లీ ఎల్నాయి,
ఓడెక్కి ఇంకేదో దేశం ఎల్నాయంటన్నావు.
నానింకా బరంపురం దాటనేదు.”

పేజీ నాలుగు, పట్టిక రెండు.
మొదట చేరినవారు వెయ్యీ నూట ఆరు.
మూడేళ్లకి మళ్లీ పరీక్షించినవారు తొమ్మిది వందల డెబ్బై.
అందుబాటులో లేనివారు నూట ముప్పై ఆరు.

లేరా?

రెండు వందల పద్నాలుగు వేరావల్ రేవులో వల లాగుతున్నాడు.
రాత్రిపూట ఫోను చేస్తాడు,
ఒంటేలు నురగొస్తంది, ఏటీ కాదు కదా అక్కా, అని.
మూడు వందల డెబ్బై ఏడు
పలాసలో జీడిపిక్కలు కొడుతుంది,
రోజు కూలి పోతుందని తలుపు వెనక దాక్కుంది.
తలుపు కింద కాళ్లు కనబడుతున్నాయి,
జీడి పాలకి మాడిన వేళ్లు.
చూడనట్టు వచ్చేశాను.
ఐదు వందల తొంభై, తొంభై ఒకటి అన్నదమ్ములు,
స్టాండులో వాళ్ల గొట్టాలు పక్కపక్కనే ఉండేవి.
చిన్నోడు ముందు పోయాడు.

ఎనిమిది వందల రెండు, కూర్మయ్య.
వారానికి రెండుసార్లు సోంపేట, డయాలసిస్‌కి,
ముగ్గురు కలిసి ఒక ఆటో.
ముగ్గురు ఇద్దరయ్యారు.
ఆటో బాడుగ ఇద్దరి మీద పడింది.
తరవాత ఒక్కడి మీద.
అప్పుడు మానేశాడు.
ఈ లెక్కకి పట్టికలో గడి లేదు.

చివరి వాక్యం:
కారణాలు అనేకం కావచ్చు, మరింత పరిశోధన అవసరం.
దాని మీద నాకు కోపం లేదు.
డాక్టరుగారు అది రాసి, కొట్టేసి,
కళ్లజోడు తీసి తుడుచుకుని
మళ్లీ అదే రాయడం చూశాను.

నా నంబరు అరవై ఒకటి.
పోలిక కోసమని, ఆరోగ్యవంతుల వరుసలో వేశారు.
మొదట్లో సున్నా పాయింట్ తొమ్మిది.
నిరుడు ఒకటి పాయింట్ రెండు.
ఇంట్లో చెప్పలేదు.

మొన్న మళ్లీ వెళ్లాను, కొత్త ప్రాజెక్టు, కొత్త స్టిక్కర్లు.
కూర్మయ్య భార్య అప్పటికే నీళ్లు తోడి ఉంచింది,
సీసాకి మూత లేదని కొబ్బరిపీచు కుక్కి.
“అతగాడు నేడు గానీ నూతుంది కదా, పట్టుకెల్లు.”
నంబరు రాసి పెట్టెలో పెట్టాను.
ఎండన పడొచ్చానని
అదే చేద నుంచి గ్లాసుడు వంచి ఇచ్చింది.

తాగాను.
చల్లగా, తియ్యగా ఉన్నాయి.